ముప్పై ఒకటో లైను

ఈ భూమ్మీద ఏ వస్తువు ఎక్కడ ఉండాలో రాసిపెట్టింది మా అమ్మమ్మే. సముద్రాలు తమ చోటు దాటకుండా ఉన్నాయంటే ఆవిడ వాటికి కొలత రాసి ఇచ్చింది కాబట్టే. నక్షత్రాలు అప్పుడప్పుడూ దారి తప్పితే కిందికి వంగి, ఆవిడ కాగితాల్లో తమ అడ్రసు చూసుకుని, దండం పెట్టి మళ్ళీ పైకి పోతాయి. నమ్మనివాళ్ళు మా వంటింట్లోకి వచ్చి డబ్బాలు చూడవచ్చు. ప్రతి డబ్బా మీదా ఒక తెల్లకాగితం ముక్క, దాని మీద గుండ్రటి అక్షరాలు: ఇల్లు చుక్క వంట చుక్క పంచదార. కింద ఎంత పడుతుందో, ఏ అరలో ఉండాలో. తాతయ్య బతికున్నప్పుడు సిటీ బస్సు నడిపేవాడు. "రోజంతా రూటు నంబరు మోసుకుని ఇంటికొస్తే, ఇక్కడా నాకో నంబరు వేస్తుంది ఈ మనిషి" అని గొణిగేవాడు. గొణుగుతూనే ఉప్పు డబ్బాని దాని అరలోనే పెట్టేవాడు.

మా నగరంలోని ప్రభుత్వ ఆసుపత్రులన్నిటి రికార్డులూ ఒకే పెద్ద కంప్యూటర్లో ఉంటాయి. మెయిన్‌ఫ్రేమ్ అంటారు. ఎవరి రక్తం ఏ గ్రూపు, ఎవరికి ఏ మందు పడదు, అంతా అందులోనే. అమ్మమ్మ ఇరవై ఒకటో ఏట అక్కడ అట్టముక్కలకు చిల్లులు పొడిచే ఉద్యోగంలో చేరింది. ఆ చిల్లులే అప్పట్లో కంప్యూటర్‌కి అక్షరాలట. ఇప్పుడు అరవై మూడు. రిటైరై మూడేళ్ళయినా వదల్లేదు, వాళ్ళూ వదలనివ్వలేదు. అక్కడ కొత్త ప్రోగ్రాం ఏది పెట్టాలన్నా చోట్లు రాయాల్సింది ఆవిడే.

ఆ పని ఏమిటో నాకు అర్థమైనంత చెబుతాను. నేను పదో తరగతి మూడుసార్లు రాసి, మూడుసార్లూ లెక్కల దగ్గర ఆగిపోయి, వీధి చివర స్కూటర్ల షెడ్డు పెట్టుకున్నదాన్ని. తప్పులుంటే ఆవిడతోనే మాట్లాడుకోండి.

మన ఫోనులో కొత్తది ఏదైనా కావాలంటే బొమ్మ మీద వేలు పెడతాం, అది వచ్చి ఎక్కడో కూర్చుంటుంది. మెయిన్‌ఫ్రేమ్ దగ్గర ఆ ఆటలు సాగవు. వచ్చే ప్రతి ముక్కకీ ముందే చోటు చూపించాలి. కొన్నిటికి పెట్టెలుంటాయి, వాటిని డేటాసెట్లు అంటారు. మా వంటింటి డబ్బాల మీదలాగే చుక్కలతో పెట్టె పేరేమిటి, ఎంత పెద్దది, ఏ డిస్కు మీద, అన్నీ ముందే రాయాలి. సైజు సిలిండర్లలో చెప్పాలి, డిస్కు మీద చోటుకి అదే కొలత. ఒకసారి అమ్మమ్మ బాల్కనీలో నిలబడి ఫోనులో "ఐదొందల సిలిండర్లు చాలవయ్యా, ఇంకో రెండొందలు పెట్టు" అంటూంటే కింది వాటా ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా పైకి పరిగెత్తుకొచ్చాడు. ఇంకొన్నిటికి ఫోల్డర్లుంటాయి. వాటికి దారి రాయాలి. మొదటి గుమ్మం దగ్గర్నించి, గది తర్వాత గది, మధ్యలో ఒక్కో వాలుగీత.

అన్నిటికన్నా ముఖ్యమైనది మరొకటి ఉంది. నడుస్తున్న ప్రోగ్రాంని ముట్టుకోకూడదు. ముందు దానికి మొత్తంగా నకలు తీసి, కొత్తదాన్ని ఆ నకలులో పెడతారు. చూసి, బాగుందనుకున్నాకే అసలు చోటికి మారుస్తారు. నకలు ఉండే చోటు పేరు సర్వీస్. కాబట్టి ఆవిడ రాసే ప్రతి దారీ "గీత సర్వీస్ గీత" అని మొదలవ్వాలి. ఆ ఒక్క ముక్క లేకపోతే దారి తిన్నగా నడుస్తున్నదాని గుండెల్లోకి పోతుంది.

అమ్మమ్మకి భయం ఎక్కువ. బయటికి వెళ్ళేటప్పుడు తాళం వేసి మూడుసార్లు లాగుతుంది. మెట్లు దిగాక మళ్ళీ ఎక్కి గ్యాస్ చూసి వస్తుంది. ఇన్‌స్టాలేషన్ ఉన్న వారమైతే నిద్రలో కూడా పెదవులు కదుపుతుంది. "నలభై ఏళ్ళ బట్టీ ఇదే పని కదా, ఇంకా భయమేంటి?" అంటే, "నలభై ఏళ్ళ బట్టీ తప్పు జరగలేదు, అందుకే" అంటుంది.

ఆ భయానికి ఆవిడ కనిపెట్టుకున్న మందు చదివింపు. రాసిన లైన్లన్నీ కాగితం మీద రెండు ప్రతులు తీస్తుంది. ఒకటి తను పట్టుకుని పైకి చదువుతుంది. ఎదురుగా కూర్చున్న మనిషి రెండో కాగితం మీద లైను లైనుకీ టిక్కు పెట్టాలి. సర్వీస్ లేని దారి కనబడితే "ఆగు" అనాలి. ఇదివరకు ఆఫీసులో ఎదురు బల్ల ఆవిడ ఈ పని చేసేది. ఆవిడ ఉద్యోగం మానేశాక అంత ఓపిక ఉన్నవాళ్ళు అక్కడ దొరకలేదు. అందుకని ఆదివారం పూట నా చేతికి పెన్నిస్తుంది.

ఆ ఆదివారం నలభై మూడు లైన్లున్నాయి. రక్తం గ్రూపులు చూసే ప్రోగ్రాంకి కొత్త వెర్షన్ రావాలి. పొద్దున్న తొమ్మిదికి భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాం. ఆవిడ కళ్ళజోడు తుడిచి మొదలుపెట్టింది.

"ఒకటి. గీత సర్వీస్ గీత ల్యాబ్ గీత మెసేజీలు."

"ఊఁ."

"ఊఁ కాదు, టిక్కు."

"పెట్టాను తల్లీ."

"తల్లీ గిల్లీ తర్వాత. కాగితం వైపు చూడు."

నిజం చెప్పాలి కదా. పదకొండింటికి ఒక మాస్టారు తన స్కూటర్ కోసం వస్తానన్నాడు, దాని క్లచ్ తీగ ఇంకా నేల మీదే ఉంది. ఇరవై లైన్లు బుద్ధిగా విన్నాను. ముప్పై దగ్గర ఆవిడ నీళ్ళు తాగడానికి ఆగింది. ఆ సందులో నేను ముప్పై నుంచి ముప్పై ఆరు దాకా ఏడు టిక్కులు గబగబా గీసేశాను. అన్నీ ఒకేలా ఉండే లైన్లేగా అనుకున్నాను. తర్వాత ఆవిడ చదివిన ఆ ఏడూ నా చెవికి ఫ్యాను చప్పుడులాగే వినిపించాయి.

పదిన్నరకి ఆవిడ లాప్‌టాప్‌లో జాబ్ నడిపించింది. జాబ్ అంటే ఆ రాసినదంతా చెయ్యమని మెయిన్‌ఫ్రేమ్‌కి చీటీ ఇవ్వడం. పన్నెండింటికి ఫలితం వచ్చింది. సున్నా. వాళ్ళకి సున్నా వస్తే పాసయినట్టు. నాకు లెక్కల్లో అదే సున్నా వస్తే ఇంట్లో రెండు రోజులు ఎవరూ మాట్లాడేవాళ్ళు కారు. ఆవిడ మాత్రం కాఫీ కలుపుకుంది.

అమ్మ పెద్దాసుపత్రి రక్తనిధిలో నర్సు. రెండింటికి డ్యూటీ. అన్నం తింటూ అంది, "సాయంత్రం ఐదున్నరకి ఒక ఆపరేషన్ ఉంది. ఆ అమ్మాయికి ఏ రక్తం పడితే ఆ రక్తం పడదట. పాత రికార్డు చూసి తియ్యాలి. స్క్రీన్ సరిగ్గా ఉంటుందా అమ్మా?"

"నీ స్క్రీన్‌ని నేను ముట్టుకోలేదే. నకలులోనే పెట్టాను" అంది అమ్మమ్మ.

అమ్మ వెళ్ళింది. ఒంటిగంటన్నరకి అమ్మమ్మ మళ్ళీ లాప్‌టాప్ తెరిచింది. ఫోల్డర్లన్నిటి తేదీలూ చూడడం ఆవిడ అలవాటు. కొత్తగా రాసినదైతే ఈరోజు తేదీ ఉండాలి. వేలితో ఒక్కో వరుసా చూసుకుంటూ పోయింది. ఈరోజు, ఈరోజు, ఈరోజు. వేలు ఆగింది.

రక్తం గ్రూపుల ఫోల్డర్. తేదీ పోయినేడాదిది.

ఆవిడ నకలు వదిలేసి, అసలు నడుస్తున్న చోటికి వెళ్ళి అదే ఫోల్డర్ తెరిచింది. రెండొందల పన్నెండు ఫైళ్ళు. అన్నిటికీ ఈరోజు తేదీ.

"ఏమైంది అమ్మమ్మా?"

కాగితం లాక్కుని ముప్పై ఒకటో లైను మీద వేలు పెట్టింది. గీత ల్యాబ్ గీత రక్తం. ముందు సర్వీస్ లేదు.

ఎలా జరిగిందో ఆవిడ తనకి తనే చెప్పుకుంది. మిగతా లైన్లన్నిటికీ గురువారమే ఒక్క దెబ్బతో సర్వీస్ చేర్చింది. ఈసారి ఆ ఫోల్డర్‌కి విడిగా లైను రాయాలని ప్రోగ్రాం అమ్మినవాళ్ళ నుంచి శనివారం ఉత్తరం వచ్చింది. ఉత్తరంలో ఉన్న దారిని ఉన్నట్టే ఎత్తి ముప్పై ఒకటో చోట పెట్టింది. దానికి సర్వీస్ చేర్చడం మర్చిపోయింది. పైకి చదివేటప్పుడు అలవాటు కొద్దీ ఉందనుకునే చదివేసింది.

"మరి సున్నా వచ్చిందిగా?"

"వచ్చింది. తప్పు చోట సరిగ్గానే రాశానని" అంది.

ఇప్పటికైతే ఆసుపత్రుల్లో ఎవరికీ ఏమీ తెలియదు. నడుస్తున్న ప్రోగ్రాం పాతదాన్ని తన బుర్రలో పెట్టుకునే ఉంది. కానీ ప్రతి ఆదివారం సాయంత్రం నాలుగింటికి యంత్రాన్ని ఆపి మళ్ళీ మొదలుపెడతారు. అప్పుడు అది ఫోల్డర్లు చదువుతుంది. మిగతా అంతా పాతది, రక్తానిది ఒక్కటే కొత్తది. రెండూ పొసగవు. రక్తం స్క్రీన్ లేవదు.

"పాత ఫైళ్ళు పోయినట్టేనా?"

"లేదు. నకలులో ఉన్నాయి. ఏ లైను నకలులోకి పోలేదో, దాని పాత ఫైళ్ళు అక్కడ చెక్కుచెదరకుండా ఉన్నాయి. అవి తెచ్చి ఇక్కడ పెట్టాలి. గంట పని." గడియారం చూసింది. "నాలుగింటి లోపల అయిపోతుంది. ఎవరికీ చెప్పక్కర్లేదు."

ఆ చివరి మాట ఆవిడ నోట రావడం నేనెప్పుడూ వినలేదు. నాకు టిక్కుల కాగితం కనబడుతూనే ఉంది. చెప్పాలనుకునే లోపే ఆవిడ ఫోను అందుకుంది.

ఆవిడ ఆఫీసుకి ఫోన్ చేసింది, మామూలుగా అడిగినట్టు. ఆదివారం షిఫ్టులో ఒకే ఒక్కాయన ఉంటాడు, యంత్రాన్ని కనిపెట్టుకుని.

"నాయనా, ఇవాళ రీస్టార్ట్ నాలుగింటికేగా?"

"కాదమ్మా, రెండున్నరకి. సాయంత్రం బ్యాటరీలు మార్చేవాళ్ళు వస్తున్నారని పెద్దసారు ముందుకి జరిపారు. మీకు చెప్పలేదా?"

ఆవిడ కుర్చీ అంచు పట్టుకుంది. "ఆపు. రీస్టార్ట్ చెయ్యకు."

"ఫోనులో చెబితే ఎట్లా ఆపుతానమ్మా? రూలు మీరు పెట్టిందే. లాగ్‌బుక్కులో కారణం స్వహస్తంతో రాసి సంతకం పెట్టాలి."

నిజమే. ఇరవై ఏళ్ళ కిందట ఎవడో ఫోనులో ఆపమన్నాడని షిఫ్టువాళ్ళు ఆపేస్తే, తర్వాత వాడే నేనన్లేదు అన్నాడని, ఆవిడే పట్టుబట్టి ఆ రూలు పెట్టించింది. పెద్దసారుకి మూడుసార్లు ఫోన్ చేశాం. ఎత్తలేదు.

"బండి తియ్యి" అంది.

ఇంట్లో కట్టుకునే చీర, కాళ్ళకి బాత్‌రూం చెప్పులు. తాళం ఒక్కసారే వేసింది. గ్యాస్ చూడలేదు. దాంతో నాకు నిజంగా భయం పుట్టింది.

ఆదివారం కాబట్టి రోడ్డు ఖాళీగానే ఉంది. అయినా ప్రతి సిగ్నలూ మాకోసమే ఎర్రగా మారినట్టనిపించింది. వెనక కూర్చుని నా భుజం మీద వేళ్ళతో లెక్కపెడుతోంది: ముందు చదవడం, తర్వాత రాయడం, తర్వాత వాటిని ఎవరెవరు తెరవొచ్చో ఆ హక్కులు సరిచెయ్యడం. రెండో సిగ్నల్ దగ్గర నేను "అమ్మమ్మా, నీకొకటి చెప్పాలి" అన్నాను.

"పచ్చ పడింది. ముందుకి చూడు."

రెండూ పదిహేడుకి చేరాం. అద్దాల గది, ఎముకలు కొరికే చలి. రెండు నల్ల బీరువాల్లా యంత్రం చిన్నగా గుర్రుమంటోంది. షిఫ్టాయన లేచి నిలబడ్డాడు, నడివయసు మనిషి, మెడ చుట్టూ మఫ్లర్.

"ఏంటమ్మా ఇట్లా వచ్చారు? ఎవరికైనా బాలేదా?"

"లాగ్‌బుక్కు ఇయ్యి."

ఆయన ఆవిడ ముఖం చూశాడు, చెప్పులు చూశాడు. సగం అర్థమైనట్టుంది. గొంతు తగ్గించి, "నెట్‌వర్క్ బాలేదని రాసెయ్యండమ్మా. ఆదివారం రాతలు ఎవరూ చదవరు. నడిచేదాని డిస్కులో ఎవరూ రాయకుండా వేసి ఉంచే తాళాన్ని శుక్రవారం తెరిచి, మళ్ళీ వెయ్యకుండా పోయింది పెద్దసారే. అది వేసి ఉంటే మీ జాబ్ ఏం చేసినా లోపలికి పొయ్యేది కాదు. నేను చూశాను" అన్నాడు.

నాకు ఆయన్ని కౌగిలించుకోవాలనిపించింది. అమ్మమ్మ పెన్ను కాగితానికి తాకకుండా గాల్లో ఆగింది. చూపుడువేలి గోరు తెల్లబడింది. గోడ గడియారంలో రెండూ ఇరవై రెండు. నలభై ఏళ్ళ పాటు ఏ పుస్తకంలోనూ ఆవిడ పేరు పక్కన తప్పు అనే మాట లేదు. అది ఆవిడకి ఎంత ఇష్టమో ఇంట్లో డబ్బాలకి కూడా తెలుసు.

"నెట్‌వర్క్ అని రాస్తే, రేపు పొద్దున వచ్చేవాడు నెట్‌వర్క్‌లో వెతుకుతాడు" అంది చివరికి. "వాడికి కావాల్సింది ఎక్కడ చూడాలో."

రాసింది. నేను భుజం మీంచి చూశాను. 'నా జాబ్‌లో ముప్పై ఒకటో లైను సర్వీస్ లేకుండా పోయింది. రక్తం ఫోల్డర్ పాడైంది. పాత ఫైళ్ళు పెట్టేదాకా రీస్టార్ట్ ఆపించాను. తప్పు నాది.' సంతకం, టైము. అక్షరాలు మాత్రం గుండ్రంగా లేవు.

తర్వాత గంటన్నరసేపు ఆవిడ స్క్రీన్ ముందునుంచి కదల్లేదు. రెండొందల పన్నెండు ఫైళ్ళు. నూటయాభై వచ్చాక కమాండ్ ఆగిపోయింది, ఎందుకో తెలియదు. ఆవిడ పెదవి కొరుక్కుంది. వచ్చినవి చెరిపి మళ్ళీ మొదటినుంచి. షిఫ్టాయన ఆసుపత్రులకి ఫోన్లు చేసి రీస్టార్ట్ ఆలస్యమని చెబుతున్నాడు. నేను చేసిందల్లా నీళ్ళు తెచ్చి పక్కన పెట్టడం. ఆవిడ తాగలేదు.

మూడుంపావుకి పెద్దసారు ఫోన్ చేశాడు. ఆయన్ని పని నేర్చుకునే రోజుల్లో ఈవిడే కూర్చోబెట్టి నేర్పింది. ఫోన్ స్పీకర్‌లో ఉంది.

"మేడమ్, ఏం జరిగింది?"

ఆవిడ మూడు వాక్యాల్లో చెప్పింది.

"మేడమ్, మీరే ఇట్లా చేస్తే..." అని ఆగాడు.

"చెయ్యగలనని ఇప్పుడు తెలిసిందిగా. పెట్టెయ్యి, ఫైళ్ళు లెక్కపెట్టాలి."

"ఆ డిస్కు శుక్రవారం నేనే తెరిచి..."

"అది నీ కాగితంలో రాసుకో. నాది నేను రాశాను."

లెక్క సరిపోయింది. రెండొందల పన్నెండు, అన్నిటికీ పోయినేడాది తేదీ. బ్యాటరీలవాళ్ళు టూల్‌బాక్సులతో బయట కూర్చున్నారు. నాలుగూ ఐదుకి షిఫ్టాయన రీస్టార్ట్ నొక్కాడు. గుర్రు ఆగింది. ఆ గదిలో అంత నిశ్శబ్దం నాకు నచ్చలేదు. తర్వాత స్క్రీన్ మీద అక్షరాలు వరదలా పోవడం మొదలయ్యింది, ఆవిడ ఒక్కోటీ చదువుతోంది. ఇరవై నిమిషాలు. నేను ఆవిడ చేతి మీద చెయ్యి వేస్తే మంచుముక్కలా ఉంది, గుంజుకోలేదు.

"రక్తం లేచింది" అన్నాడు షిఫ్టాయన.

ఆవిడ నమ్మలేదు. అమ్మకి ఫోన్ చేసింది. "ఆ అమ్మాయి రికార్డు తెరువు. గ్రూపు ఒక్కటే చూడకు, ఏది పడదో రాసిన వరుస కూడా ఉందా?"

అటు మీటలు నొక్కుతున్న చప్పుడు. "ఉందమ్మా. అన్నీ ఉన్నాయి. పావుగంట నుంచి ఖాళీ స్క్రీన్ పట్టుకుని కూర్చున్నాం. ఏమైంది, నీ గొంతేంటి అట్లా ఉంది?"

"ఇంటికొచ్చాక చెప్తాను. ముందు రక్తం తియ్యి."

అప్పుడు తాగింది ఆ నీళ్ళు.

మర్నాడు సాయంత్రం ఆవిడ కిటికీ దగ్గర బల్ల వేసుకుని రిపోర్టు రాస్తోంది. పెద్దసారు పంపిన ఫారం, నాలుగు పేజీలు. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, మళ్ళీ జరగకుండా ఏం చేస్తారు. నేను షెడ్డు నుంచి వచ్చి, చేతులకి గ్రీజుతోనే ఎదురుగా నిలబడ్డాను. ముందురోజు నుంచి గొంతులో ఇరుక్కున్నది కక్కేశాను.

"అమ్మమ్మా, అందులో నా సంగతి కూడా రాయి. ముప్పై నుంచి ముప్పై ఆరు దాకా నేను వినకుండానే టిక్కులు పెట్టాను."

ఆవిడ తలెత్తలేదు. పెన్ను కదులుతూనే ఉంది.

"తెలుసు. ఏడూ ఒకే వాలుగా ఉన్నాయి, కాగితం నా చేతికి రాగానే చూశాను. మళ్ళీ చదివిస్తే నువ్వు విసుక్కుంటావని ఊరుకుని జాబ్ నడిపాను. నేను రాస్తున్నది అదే. జరుగు, వెలుతురుకి అడ్డంగా ఉన్నావు."